జ్వరం తగ్గాక మిగిలే ఆయాసం: ఊపిరితిత్తుల రిహాబ్‌లో కాళ్ల వాటా

ఎక్స్‌రేలో మచ్చలు దాదాపు పోయాయి. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 97 చూపిస్తోంది. అయినా రెండో అంతస్తులో ఉన్న ఇంటికి మెట్లెక్కేసరికి మధ్యలో ఆగి రెయిలింగ్ పట్టుకోవాల్సి వస్తోంది. కోవిడ్, స్వైన్‌ఫ్లూ లాంటి వైరల్ న్యుమోనియా ముదిరి ఐసీయూ దాకా వెళ్లొచ్చినవారిలో ఇది తరచుగా కనిపించే పరిస్థితే. అప్పుడు ఇంట్లోవాళ్లకు వచ్చే అనుమానాలు రెండు. ఊపిరితిత్తులు ఇంకా పాడై ఉన్నాయేమోనని ఒకటి, మనిషి ఉత్తపుణ్యాన భయపడుతున్నాడేమోనని రెండోది. మొదటి అనుమానానికి మళ్లీ సీటీ స్కాన్ తీయిస్తారు. రెండోదానికి ధైర్యం చెబుతారు. ఈలోగా తొడ కండరాల సంగతి ఎవరికీ గుర్తుకురాదు.

వైరస్ వల్లో మరో తీవ్ర జబ్బు వల్లో ఊపిరితిత్తులు రెండూ వాచి, నీరు చేరి, ఆక్సిజన్ రక్తంలోకి వెళ్లలేని తీవ్ర స్థితిని వైద్యులు ఏఆర్‌డీఎస్ అంటారు. అలాంటి స్థితి నుంచి బయటపడ్డ 109 మందిని కెనడాలోని టొరంటో వైద్యులు ఏడాది పాటు గమనించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. కోవిడ్‌కు పదిహేడేళ్ల ముందు మాట. అయినా ఈ విషయంలో దానికి మించి కళ్లు తెరిపించే అధ్యయనం మరొకటి కనబడదు. ఐసీయూ నుంచి బయటికి వచ్చేసరికి ఆ రోగులు తమ బరువులో సుమారు 18 శాతం కోల్పోయారు. ఆరు నెలలకే వాళ్ల ఊపిరితిత్తుల పరిమాణం, గాలి వదిలే శక్తి మామూలు స్థాయికి దగ్గరగా వచ్చేశాయి. నడక మాత్రం రాలేదు. ఆరు నిమిషాల్లో నడవగలిగిన దూరం మూడో నెలలో 281 మీటర్లు, ఏడాదికి 422 మీటర్లు. వాళ్ల వయసువాళ్లు నడవాల్సిన దూరంలో అది మూడింట రెండు వంతులే. ఎందుకు నడవలేకపోతున్నారని అడిగితే వాళ్లు చెప్పిన ప్రధాన కారణం కండ కరిగిపోవడం, నీరసం. వాళ్లనే అయిదేళ్ల తర్వాత మళ్లీ చూశారు. ఊపిరితిత్తుల పరీక్షలు బాగానే ఉన్నాయి, నడక ఇంకా ఉండాల్సినదానిలో 76 శాతం దగ్గరే ఆగింది.

కండ ఇంతగా ఎలా కరుగుతుంది? లండన్ ఐసీయూల్లో 2013లో తొడ ముందు భాగపు కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. పది రోజుల్లో దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 18 శాతం తగ్గింది. అది మంచం మీద పడుకోవడం వల్ల మాత్రమే వచ్చే నష్టం కాదు. ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్‌తో మండుతున్నప్పుడు శరీరం తన కండరాల ప్రొటీన్‌నే విరగ్గొట్టి వాడుకుంటుంది. దాని పైన ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, సరిగా ఎక్కని తిండి. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో డయాఫ్రం కూడా చిక్కిపోతుంది. ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా ఉండి, ఊపిరి పీల్చడంలో పెద్ద పనంతా చేసే కండరం అది. ఊపిరి పని మిషన్ చేసిపెడుతుంటే, కొద్ది రోజుల్లోనే దాని పోగులు సన్నబడతాయి.

కాళ్లు నీరసిస్తే ఆయాసం ఎందుకు రావాలన్నది న్యాయమైన ప్రశ్నే. బలం తగ్గిన కండరం, బోరు అరిగిపోయిన పాత స్కూటర్ లాంటిది. అదే దూరానికి ఎక్కువ పెట్రోలు తాగుతుంది, ఎక్కువ పొగ వదులుతుంది. చిక్కిపోయిన తొడ కండరాలు కొద్దిపాటి మెట్లకే ఆక్సిజన్ సరిపోని దశకు చేరి లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తాయి. దాన్ని సర్దుబాటు చేసే క్రమంలో రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. దాన్ని బయటికి పంపడానికి మెదడు ఊపిరి వేగం పెంచుతుంది. మనిషికి అది ఊపిరితిత్తుల జబ్బులాగే అనిపిస్తుంది, కానీ మొదలైంది కాళ్లలో. ఆయాసానికి భయపడి నడక మానేస్తే కండ ఇంకా తగ్గుతుంది, తర్వాతిసారి ఆయాసం ఇంకా ముందే వస్తుంది. ఊపిరితిత్తుల రిహాబ్ (పల్మనరీ రిహాబిలిటేషన్) ప్రధానంగా ఈ వలయాన్ని తెంచే పని. ఆ పేరు వినగానే ఊదే వ్యాయామాలు, బంతులు, బెలూన్లు గుర్తుకొస్తాయి గానీ, దాని గుండెకాయ కొలిచి చేయించే నడక, కాళ్ల బలం.

రిపోర్టులో ‘ఫైబ్రోసిస్’ అని ఉంటే

ఇలా అన్నంత మాత్రాన ఊపిరితిత్తులు పూర్తిగా నిర్దోషులని కాదు. పెద్దవాళ్లలో దాదాపు 30 కోట్ల నుంచి 50 కోట్ల దాకా గాలిబుడగలు ఉంటాయి. వాటి గోడ వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచన. వైరస్ ఆ గోడను దెబ్బతీసినప్పుడు మొదట నీరు, ప్రొటీన్ కారి బుడగల్లోకి చేరతాయి. సీటీలో కనిపించే మసక ఛాయ చాలావరకు ఇదే. తర్వాత శరీరం మరమ్మతు మొదలుపెడుతుంది. బుడగల గోడలోనే ఉండే ఒక రకం కణాలు పెరిగి కొత్త పొర వేస్తాయి. ఈ మరమ్మతు సాఫీగా జరగని చోట పీచులాంటి మచ్చ మిగులుతుంది. ఫైబ్రోసిస్ అంటే ఇదే.

జబ్బు తర్వాత రెండు మూడు నెలలకు తీసిన సీటీ రిపోర్టులో ‘ఫైబ్రోటిక్ మార్పులు’ అని కనిపించగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. అయితే ఆ గీతల్లో చాలావరకు ఇంకా మానుతున్న వాపు. నెలల తరబడి మెల్లగా తగ్గుతూ పోతుంది. కొందరిలో మానే దశలో గాలిబుడగలు పూడుకుపోయే ఆర్గనైజింగ్ న్యుమోనియా అనే స్థితి ఉంటుంది, దానికి వైద్యుడి పర్యవేక్షణలో స్టెరాయిడ్లు పనిచేస్తాయి. శాశ్వతంగా పీచుకట్టిపోవడం తక్కువమందిలోనే జరుగుతుంది. వయసు పైబడినవారు, ఎక్కువ రోజులు వెంటిలేటర్ మీద ఉన్నవారు, పొగతాగేవారు ఆ తక్కువమందిలో ఎక్కువగా కనిపిస్తారు. సీటీ బొమ్మ కన్నా డీఎల్‌సీఓ అనే పరీక్ష ఇక్కడ ఎక్కువ చెబుతుంది. వాయువు బుడగలోంచి రక్తంలోకి ఎంత తేలికగా దాటుతోందో అది కొలుస్తుంది. గాలి పీల్చి వదిలే శక్తిని కొలిచే మామూలు స్పైరోమెట్రీ బాగుండి, డీఎల్‌సీఓ తగ్గి ఉండటం ఈ రోగుల్లో సాధారణం. రిహాబ్ వల్ల మచ్చ కరగదు. ఉన్న ఊపిరితిత్తులతోనే ఎక్కువ దూరం నడిచేలా కాళ్లనూ గుండెనూ తయారు చేయడం దాని పని. ఈ తేడా రోగికి మొదటి రోజే చెప్పకపోతే, ఆరు వారాలు కష్టపడ్డాక స్కాన్‌లో మార్పు లేదని నిరాశపడి మానేస్తారు.

మొదట కొలత

అమెరికా, ఐరోపా ఊపిరితిత్తుల వైద్య సంఘాలు 2013లో కలిసి ఇచ్చిన నిర్వచనం ప్రకారం రిహాబ్ అంటే రోగిని కూలంకషంగా పరీక్షించి, అతనికి తగ్గట్టు వ్యాయామం, అవగాహన, అలవాట్ల మార్పు కలిపి ఇచ్చే చికిత్స. మామూలుగా ఆరు నుంచి పన్నెండు వారాలు, వారానికి రెండు మూడు సెషన్లు. మొదటి అడుగు ఆరు నిమిషాల నడక పరీక్ష. 30 మీటర్ల చదునైన వరండాలో అటూ ఇటూ, పరుగెత్తకుండా, వీలైనంత దూరం నడవాలి. మధ్యలో ఆగొచ్చు, గడియారం మాత్రం ఆగదు. మొదట్లో, చివర్లో నాడి, ఆక్సిజన్ శాతం రాసుకుంటారు. ఆయాసం ఎంతుందో సున్నా నుంచి పది దాకా రోగినే అంకె చెప్పమంటారు. స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన కొలమానం ఇది.

ఆ దూరంలోంచే మందు మోతాదు లాగా నడక మోతాదు తీస్తారు. ఆరు నిమిషాల్లో 240 మీటర్లు నడిచిన మనిషి వేగం నిమిషానికి 40 మీటర్లు. అందులో 80 శాతం, అంటే నిమిషానికి 32 మీటర్ల వేగంతో శిక్షణ మొదలుపెట్టడం ఒక పద్ధతి. పది నిమిషాలకు 320 మీటర్లు. ఒక్క బిగిన నడవలేకపోతే రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం విశ్రాంతి. ఆయాసం పదికి మూడు నాలుగు దగ్గర ఉండాలి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అసలు ఆయాసమే రాకుండా నడిస్తే కండరానికి శిక్షణ అందదు. ఈ ఒక్క ముక్క మన ఇళ్లలో ఒప్పించడం మహా కష్టం. ‘చచ్చి బతికొచ్చాడు’ అంటూ మనిషిని కాలు కింద పెట్టనివ్వరు. మంచం దగ్గరికే కంచం, మంచం దగ్గరే టీవీ. ఆ ప్రేమలో తప్పు పట్టడానికేమీ లేదు గానీ, కోలుకునే మనిషికి దానంత ఖరీదైన అడ్డంకి లేదు.

నడకతో పాటు బలం పెంచే వ్యాయామం విడిగా కావాలి. చేతులు లేని గట్టి కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, ఒకే మెట్టు ఎక్కి దిగడం, గోడకు ఆనుకుని చేతులతో తోయడం. ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, మధ్యలో విరామంతో రెండు మూడు విడతలు, రోజు విడిచి రోజు. లీటరు నీళ్ల సీసాలే డంబెల్స్. ఐసీయూలో బోర్లా పడుకోబెట్టినవారిలో భుజం పట్టేయడం, చేతి నరాలు నొక్కుకుని తిమ్మిరెక్కడం కనిపిస్తుంది. గొంతులో గొట్టం వేసినవారికి గొంతు బొంగురు పోవడం, మింగేటప్పుడు పొలమారడం ఉంటాయి. మంచి ఫిజియోథెరపిస్ట్ మొదటి రోజే వీటిని అడిగి తెలుసుకుంటారు. పొలమారే మనిషికి ముందు మింగే శిక్షణ కావాలి, లేకపోతే తిన్నదే ఊపిరితిత్తుల్లోకి పోయి మళ్లీ న్యుమోనియా తెస్తుంది.

విశాఖలో ఎక్కడ నడవాలి

నడక అనగానే విశాఖ వాసికి ఆర్కే బీచ్ గుర్తొస్తుంది. కాళీమాత గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ వైపు సాగే బాట చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, తెల్లవారుజామున వాహనాల గొడవ తక్కువ. మొదటి వారాల్లో ఇంతకన్నా మంచి చోటు కష్టమే. ఇసుకలోకి మాత్రం దిగకూడదు. ఇసుకలో ప్రతి అడుగుకూ కాలు దిగబడి పని బాగా పెరుగుతుంది, అది తర్వాతి మెట్టు. ఎంవీపీ కాలనీ సెక్టార్లలో ఉండేవారికి ఇంటి ముందు వీధే సరిపోతుంది. కొండవాలు మీద ఇళ్లున్న పేటల్లోవారికి సమస్య వేరు. గుమ్మం దాటితే ఎక్కుడో దిగుడో తప్ప చదును నేల ఉండదు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు చెకప్‌కి వచ్చేవారికి కేజీహెచ్ డౌన్ అనే వాలు రోడ్డు ఎక్కడమే ఒక పరీక్ష. ఇలాంటివారు డాబా మీద పది మీటర్లు కొలిచి గీత గీసుకుని అటూ ఇటూ నడవడం మేలు. ఎత్తు ఎక్కాల్సివస్తే అడుగుకూ ఊపిరికీ లంకె వేసుకోవాలి. రెండడుగులు పీలుస్తూ, మూడు నాలుగు అడుగులు పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదులుతూ. ఆయాసం తగ్గకపోతే ఆగి, ముందుకు వంగి, చేతులు తొడల మీదో పిట్టగోడ మీదో ఆనించి నిలబడితే డయాఫ్రానికి కొంత వెసులుబాటు దొరుకుతుంది.

వేళ కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, గుండె వేగం పెరిగి అదే నడక రెట్టింపు కష్టం అనిపిస్తుంది. కాబట్టి ఎండాకాలంలో పొద్దున్నే నడవాలి. చలికాలంలో దీనికి పూర్తిగా విరుద్ధం. కొండల మధ్య ఉన్న మల్కాపురం, గాజువాక వైపు రాత్రంతా నేల దగ్గరే పేరుకున్న పొగ, దుమ్ము సూర్యుడెక్కాక గానీ పైకి లేవవు. పోర్టు వైపు బొగ్గు, ఇనుప ఖనిజపు ధూళి గురించి స్థానికులకు కొత్తగా చెప్పక్కర్లేదు. కిటికీ మీద వేలు రాస్తే తెలుస్తుంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖను చేర్చడానికి కారణం ఈ గాలే. డిసెంబరు, జనవరిలో ఆ ప్రాంతాలవారు ఎండ కాస్త ముదిరాక నడవడం మంచిది. సముద్రపు గాలి వీచే సాయంత్రాలు ఇంకా నయం.

ఉత్తరాంధ్రకు ప్రత్యేకమైన ఇంకో సంగతి ఉంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లు కొందరు ఇప్పటికీ చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగుతారు. కట్టెల పొయ్యి పొగ సరేసరి. ‘పొగ తాగుతారా’ అని అడిగితే వీళ్లు లేదంటారు, లేదా పక్కనున్న కొడుకు లేదని చెబుతాడు. ‘చుట్ట కాలుస్తావా అమ్మా’ అని సూటిగా అడగాలి. వీళ్లలో వైరల్ న్యుమోనియాకు ముందే ఊపిరితిత్తులు సగం దెబ్బతిని ఉండొచ్చు. చుట్ట ఆపకుండా చేసే రిహాబ్ నీటి మీద రాతే.

మూడు బంతులు, బెలూన్లు, ఆవిరి

డిశ్చార్జ్ రోజున చాలామంది చేతిలో మూడు బంతుల స్పైరోమీటర్ ఉంటుంది. దాన్ని ఊదుతున్నవాళ్లు ఎందరో. అది పీల్చాల్సిన సాధనం. మెల్లగా, లోతుగా పీల్చి, బంతిని కొన్ని క్షణాలు పైన నిలపాలి. పడుకునే ఉన్న రోజుల్లో ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుపోకుండా అది కాస్త ఉపయోగపడొచ్చు. అయితే సర్జరీల తర్వాత వాడకం మీద జరిగిన సమీక్షల్లో కూడా దానివల్ల ప్రత్యేక లాభం గట్టిగా రుజువు కాలేదు. మూడో బంతి లేచింది కాబట్టి కోలుకున్నట్టేనని అనుకోవడం తప్పు. రోజంతా బంతులు లేపి, గది దాటని మనిషి కన్నా, బంతుల ముఖం చూడకుండా వీధి చివరిదాకా నడిచి వచ్చిన మనిషి ముందుంటాడు.

బెలూన్లు ఊదడం, శంఖం ఊదడం మొదటి వారాల్లో వద్దు. ముక్కబిగించి ఊదితే ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. తీవ్ర న్యుమోనియా తర్వాత పలచబడిన చోట ఊపిరితిత్తి చిల్లుపడి గాలి బయటికి లీకైన కేసులు కోవిడ్‌లో చూశాం. ప్రాణాయామం విషయంలో రెండు వైపులా అతి కనిపిస్తుంది. ఒకరు అదే సర్వరోగ నివారిణి అంటారు, ఇంకొకరు అదంతా దండగ అంటారు. మెల్లగా పొట్ట కదిలేలా పీల్చి, పీల్చిన దానికన్నా ఎక్కువసేపు వదిలే పద్ధతి ఏ పేరుతో చేసినా ఫిజియోథెరపిస్టులు నేర్పేదానికి దగ్గరగానే ఉంటుంది, మనసులో ఆందోళన కూడా తగ్గిస్తుంది. కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం మాత్రం ఛాతీ వైద్యుడు సరే అనేదాకా ఆపుకోవాలి. ఏది చేసినా కాళ్లకు అది బదులు కాదు. ఆవిరి పట్టడం ముక్కుదిబ్బడకు హాయి. ఆ వేడి గాలిబుడగల దాకా చేరదు, మరిగే గిన్నె ఒలికి ఒళ్లు కాల్చుకున్నవారు మాత్రం ఉన్నారు.

ఎప్పుడు ఆగాలి

నడక మందు అయినప్పుడు దానికీ చెడు ప్రభావాలుంటాయి. నడుస్తుండగా ఆక్సిజన్ శాతం కూర్చున్నప్పటికన్నా నాలుగు పాయింట్లు పడినా, 90 కిందికి దిగినా ఆగాలి. విశ్రాంతి తీసుకున్నా త్వరగా పైకి రాకపోతే వైద్యుడికి చూపించాలి. ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం వస్తే ఆ రోజుకు నడక లేదు. వైరస్ గుండె కండరాన్ని కూడా వాచేలా చేయొచ్చు కాబట్టి రిహాబ్‌కు ముందు ఈసీజీ తప్పనిసరి అనుకోవాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఊపిరాడకపోవడం రక్తం గడ్డకట్టిన సూచన. అప్పుడు నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి.

ఆక్సీమీటర్ అంకెను కూడా గుడ్డిగా నమ్మకూడదు. జపాన్ ఇంజినీర్ తకువో అయోగి 1970ల్లో కనిపెట్టిన ఈ పద్ధతి వేలిలోంచి వెళ్లే కాంతి మీద ఆధారపడుతుంది. నెయిల్ పాలిష్, ముదురు నల్ల మెహందీ, చల్లబడ్డ వేళ్లు దాన్ని తికమక పెడతాయి. నల్లటి చర్మం మీద అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికాలో జరిగిన పోలిక తేల్చింది. మన చర్మాలకు అది పట్టించుకోదగ్గ విషయమే.

స్టెరాయిడ్లు వాడినవారు మూడు విషయాల మీద కన్నేసి ఉంచాలి. షుగర్ ఒకటి. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోవడం, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ కోసం కఫం పరీక్ష. అన్నిటికన్నా ఎక్కువగా పొరబడేది మూడోది: నెలల తర్వాత గజ్జల్లోనో తుంటిలోనో వచ్చే నొప్పి. స్టెరాయిడ్ల వల్ల తొడ ఎముక తలకు రక్త సరఫరా తగ్గి ఎముక చచ్చుబడవచ్చు. కోవిడ్ రెండో వేవ్ తర్వాత మన దేశంలో ఇలాంటి కేసులు బయటపడ్డాయి. దాన్ని వ్యాయామం వల్ల వచ్చిన ఒళ్లునొప్పి అనుకుని నడక పెంచితే నష్టమే. మొదట్లో ఎక్స్‌రేలో కనబడదు, ఎంఆర్ఐ కావాలి.

ఇంకో రకం రోగులున్నారు, వీళ్లకు ‘ఇంకాస్త నడవండి’ అనే సలహా హాని చేస్తుంది. నడిచిన రోజు బాగానే ఉంటారు. మర్నాడో ఆ మర్నాడో మంచం మీంచి లేవలేరు, తల మొద్దుబారుతుంది, నిద్ర పట్టదు. లాంగ్ కోవిడ్‌లో కనిపించే ఈ లక్షణాన్ని ముందుగా పసిగట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రత్యేకంగా చెబుతున్నాయి. వీళ్లకు మోతాదు పెంచుతూ పోయే వ్యాయామం పనికిరాదు. ఉన్న శక్తిని రోజంతా పంచుకుని వాడుకోవడం నేర్పాలి. పైన చెప్పిన కండ కరిగిన రోగికీ ఈ రోగికీ తేడా తేల్చడానికి స్కాన్ అక్కర్లేదు. ‘నిన్న నడిచాక ఇవాళ ఎలా ఉంది’ అని అడిగితే చాలు.

ఆక్సిజన్ దొరికింది, ఆ తర్వాత?

2021 ఏప్రిల్‌లో దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ట్యాంకర్లు నిండింది విశాఖ ఉక్కు కర్మాగారంలో. మహారాష్ట్రకు ఇక్కడి నుంచే ద్రవ ఆక్సిజన్ వెళ్లింది. వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఈ నగరంలోనే ఉంది. కేజీహెచ్, విమ్స్, వాల్తేరులోని ఛాతీ, అంటువ్యాధుల ఆసుపత్రి ఆ రోజుల్లో మోసిన బరువు అందరూ చూశారు. ప్రాణం నిలబెట్టే దశలో ఈ ఊరికి ఉన్న శక్తి, ఆ తర్వాతి మూడు నెలల్లో మనిషిని నిలబెట్టే దశకు వచ్చేసరికి పలచబడుతుంది. ఇది ఒక్క విశాఖ సంగతే కాదు, దేశమంతటా అంతే. ఐసీయూ బెడ్ కోసం అప్పు చేసిన కుటుంబం ఫిజియోథెరపీ సెషన్ దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. బీమా పాలసీలు చాలావరకు ఆసుపత్రిలో చేరడం చుట్టూనే తిరుగుతాయి. డిశ్చార్జ్ తర్వాత కొన్ని రోజుల ఖర్చు ఇచ్చే పాలసీల్లో, డాక్టర్ రాసిచ్చిన ఫిజియోథెరపీ వస్తుందో లేదో చదివి చూసుకోవడం మంచిది.

ఇంటికి ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ తెచ్చుకున్నవారిలో ఇంకో పొరపాటు కనిపిస్తుంది. ఆయాసం వచ్చినప్పుడల్లా పెట్టుకుంటారు. విశ్రాంతిలో ఆక్సిజన్ 88 శాతమో అంతకన్నా తక్కువో ఉన్నవారికే దీర్ఘకాలం ఆక్సిజన్ అవసరం. శాతం బాగుండి వచ్చే ఆయాసానికి అది మందు కాదు, పైగా మనిషిని గొట్టం పొడవుకే కట్టేస్తుంది. డిశ్చార్జ్‌లో ఆక్సిజన్ రాసిచ్చినా మూడు నెలల్లోపు మళ్లీ పరీక్షించి, అక్కర్లేకపోతే తీసేయాలి.

విశాఖ ఆసుపత్రుల్లో కోలుకున్నవారంతా విశాఖవారు కారు. పాడేరు, అరకు కొండల మీది నుంచి, ఇచ్ఛాపురం దాకా ఉన్న పల్లెల నుంచి వస్తారు. వారానికి మూడుసార్లు బస్సెక్కి సెషన్‌కు రమ్మనడం జరిగే పని కాదు. ఇక్కడ బ్రిటన్‌లో 585 మంది మీద జరిగి 2024లో ప్రచురితమైన రీగెయిన్ పరీక్ష కాస్త ఆశ కలిగిస్తుంది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి, నెలలు గడిచినా తేరుకోనివారికి ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో ఎనిమిది వారాల బృంద శిక్షణ ఇస్తే, మామూలు సలహాతో సరిపెట్టినవారికన్నా జీవన నాణ్యత మెరుగుపడింది. మెరుగుదల భారీగా ఏమీ లేదు, కానీ ఏడాదికీ నిలిచింది. మన దగ్గర వీడియో కాల్ సిగ్నల్ అందని గూడేలున్నాయి. అక్కడ ఏఎన్ఎం చేతిలో ఆక్సీమీటర్, ఒక కుర్చీ ఉంటే, నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టే పరీక్ష చేసి వారానికోసారి ఫోన్‌లో చెప్పొచ్చు. అంత చిన్న ఏర్పాటుకు పెద్ద భవనమేమీ అక్కర్లేదు.

రిహాబ్ లక్ష్యం కూడా మనిషి బతుకును బట్టి మారాలి. ఆఫీసులో కూర్చునే ఉద్యోగికి మెట్లు ఎక్కగలిగితే చాలు. పోర్టు హమాలీకి అది దేనికీ సరిపోదు. ఫిషింగ్ హార్బర్‌లో వల లాగే మనిషికి భుజాలు, చేతుల బలం కాళ్లతో సమానంగా కావాలి. చేతులు పైకెత్తి పనిచేస్తే ఊపిరికి సాయపడే ఛాతీ కండరాలు ఆ పనిలో పడిపోయి ఆయాసం ఇంకా ముందే వస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం దాదాపు ఒక రిహాబ్ కోర్సు అంత ఉంటుంది. జబ్బు మాత్రం నిషేధం చూసుకుని రాదు, అలాంటప్పుడు వేటకు తొందరపడేవారికి కూలి నష్టమే అసలు కారణం. సింహాచలం గిరి ప్రదక్షిణకు మొక్కుకున్నవారూ ఉంటారు. 32 కిలోమీటర్ల నడకకు ఆ ఏడాది సిద్ధం కాకపోవచ్చు. మొక్కును మరుసటి ఆషాఢానికి వాయిదా వేసుకుని, దాన్నే లక్ష్యంగా పెట్టుకున్న రోగికి రోజూ నడవమని ఎవరూ గుర్తుచేయక్కర్లేదు.

తిండి సంగతి పొట్టిగానే చెప్పుకోవచ్చు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో సుమారు ఆరు గ్రాములే ఉంటుంది కాబట్టి పొద్దున ఒక గుడ్డు తిని అయిపోయిందనుకుంటే కుదరదు. చేపలు, పప్పు, పెరుగు, వేరుసెనగ ప్రతి పూటా పంచుకుని తినాలి. పథ్యం పేరుతో నెలపాటు చారన్నం, ఇడ్లీ పెడితే వ్యాయామం చేసినా కండ పట్టదు. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం ఈ లెక్కను తమ వైద్యుడితో మాట్లాడి మార్చుకోవాలి.

డిశ్చార్జ్ కాగితంలో మందుల పట్టిక పక్కన ఒక అంకె రాస్తే సగం పని అయినట్టే: ఆ రోజు ఆరు నిమిషాల్లో నడిచిన దూరం. అది చేయలేకపోతే నిమిషంలో లేచి కూర్చున్న సార్లు. ఆరు వారాలకు మళ్లీ అదే పరీక్ష. కనీసం 30 మీటర్లు పెరిగితే రోగికి తేడా తెలిసే మార్పు వచ్చిందని లెక్క, అదే దారిలో మోతాదు పెంచుకుంటూ పోవచ్చు. పెరగకపోతే, లేదా నడిచేటప్పుడు ఆక్సిజన్ ఇంకా పడుతూనే ఉంటే, కారణం కాళ్లలో కాకుండా వేరే చోట ఉండొచ్చు. డీఎల్‌సీఓ, గుండెకు ఎకో, అవసరమైతే సీటీ చేయించాల్సింది అప్పుడు.